ఓడినవాళ్ల పోటీకి తాండూరు దాకా

మీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీము పట్నంలో పెద్ద పోటీకి వెళ్లి, మొదటి ఆటలోనే ఓడి, సాయంత్రం బండికే తిరిగొచ్చేసిందా? వచ్చాక గ్రౌండు వైపు చూడబుద్ధి కాక బంతిని బీరువాలో పెట్టి తాళం వేశారా? అయితే ఇది మీ కోసమే రాస్తున్నాను. మాదీ అదే కథ. నేను వికారాబాదులో కాలేజీ పిల్లలకు ఆటలు నేర్పే మాస్టర్ని, సొంతూరు పూడూరు. బాస్కెట్‌బాల్ అంటే నాకు పిచ్చి. కోపం అంతకంటే ఎక్కువ. రెండూ మా పిల్లలకు బాగా తెలుసు. మూడేళ్ల కింద కాలేజీ వెనక ఎర్రమట్టి చదును చేయించి, రెండు టేకు గుంజలు పాతించి, బండి చక్రానికి వేసే ఇనుప పట్టా వంచి రింగులు చేయించాను. ఒకటి గుండ్రంగానే ఉంటుంది గానీ రెండోది కోడిగుడ్డులా ఉంటుంది. ఏడాదంతా ఆ గుంజల కింద చెమటోడుస్తాం, పట్నం వెళ్తాం, ఒక్క ఆట ఆడి ఓడిపోయి ఇంటికొస్తాం. మూడేళ్లుగా మా బతుకు ఇంతే.

ఈసారి ఓడి బయటికొస్తుంటే గేటు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్ల ధోవతి, నల్ల టోపీ, చెప్పుల నిండా రాతిదుమ్ము. గెలిచిన టీము ఆయన ముందు నుంచే కేకలు వేసుకుంటూ పోయినా కన్నెత్తి చూడలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి, "ఓడిన్రా సారు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "కనబడతలేదా?" అన్నాను.

"మంచిగైంది," అన్నాడాయన తాపీగా. "మా తాండూరుకు రాండ్రి. ఓడినోళ్లకు పోటీ పెట్టినం. గెలిచినోళ్లను రానియ్యం."

వయసు చూసి ఊరుకున్నాను గానీ లేకపోతే ఏమనేవాణ్ణో. ఆయన పేరు శంకరప్పట, తాండూరులో బండల వ్యాపారం. "పోయినేడు గీ పోటీ శేడంల అయింది సారు. ఆఖరు ఆట మేమే ఓడినం. గందుకే ఈయేడు మా తాన పెట్టుకున్నం," అన్నాడు ఛాతీ విరుచుకుని. ఓడిపోయామని ఇంత గర్వంగా చెప్పుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. మా కెప్టెన్ యాదగిరి నా చెవిలో, "సారు, ముసలాయనకు ఎండ దెబ్బ గిట్ల తాకిందా?" అన్నాడు. నాకూ అదే అనుమానం.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు నన్ను గదిలోకి పిలిచి కిటికీ దగ్గర నిలబెట్టారు. "మాస్టారూ, ఆ రెండు గుంజలూ పీకించేస్తే అక్కడ సైకిళ్లకు షెడ్డు వేసుకోవచ్చు కదా!" అన్నారు. మంచి మనిషే, పిల్లలంటే ప్రేమే. కానీ మూడేళ్లుగా ఆయన చేతికి మేం ఏమీ తెచ్చివ్వలేదు. ఏం చెప్పాలో తోచక తాండూరు సంగతి చెప్పేశాను, ఇంకొక్క అవకాశం ఇమ్మని బతిమాలాను. ఆయన, "సరే, వెళ్లి రండి. కానీ ఈసారి ఖాళీ చేతులతో వచ్చారంటే సోమవారం పొద్దున్నే కూలీలను పిలిపిస్తాను," అన్నారు. అదీ ఈ ప్రయాణం వెనక కథ. గుంజలు ఉంటాయా ఊడతాయా అన్నది తేల్చుకోవడానికి బయల్దేరాం.

వికారాబాదు నుంచి తాండూరు వెళ్లే పాసింజరు పొద్దున తొమ్మిది దాటాక వస్తుంది. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే. కుల్కచర్ల, పరిగి వైపు వాళ్లు తొలి బస్సు పట్టుకుంటే ఈ బండి సులువుగా అందుతుంది. ధారూరు దాకా కిటికీలోంచి ఎర్రమట్టి, మోదుగు చెట్లు కనిపిస్తాయి. ఆ తర్వాత నేల రంగు మారి నల్లరేగడి మొదలవుతుంది. మేం వెళ్లింది కంది కోతల రోజుల్లో. కోసిన కందికట్టెలు చేలల్లో కుప్పలుగా నిలబెట్టి ఉన్నాయి, బండి ఆగినప్పుడల్లా ఆ పచ్చి వాసన పెట్టెలోకి వచ్చేది. కాగ్నా వంతెన మీద ఇంజను నెమ్మదించినప్పుడు తాండూరు దగ్గరపడిందని లెక్క. అక్కడ లేచి సామాను సర్దుకుంటే చాలు.

దారి పొడుగునా యాదగిరి వాగుతూనే ఉన్నాడు. పొట్టివాడు, నోరు మాత్రం పెద్దది, పరుగెడితే ఎవరికీ దొరకడు. వాడి ఎదురుగా కూర్చున్నవాడు మల్లేశం. కుల్కచర్ల దగ్గర గొర్రెల మందలున్న ఇంటి పిల్లవాడు, ఈ ఏడే పి.యు.సి.లో చేరాడు. రైలు తలుపులో వంగి గానీ లోపలికి రాలేనంత పొడుగు. ఆ పొడుగు చూసే టీములోకి తీసుకున్నాను. కానీ వాడికి ఒక జబ్బుంది. బంతి చేతికొస్తే వదలడు. గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని నిలబడిపోతాడు. పట్నంలో ఉన్నదే ఒక్క ఆట కదా, అందులో వాణ్ణి దించే ధైర్యం ఎవరికుంటుంది? పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను, కూర్చున్నాడు.

స్టేషను బయట టాంగాలుంటాయి. మనిషికి రెండణాలు అడుగుతారు, అంటే కొత్త లెక్కలో పన్నెండు నయాపైసలు. మా టాంగా నడిపిన మహబూబ్ మియా అందరం ఎక్కాక, "ఏ గల్లీకి?" అన్నాడు.

"గల్లీకి కాదు, ఆట గ్రౌండుకు," అన్నాను.

"గ్రౌండు యాడికి పోతది సారు? మీకు ఏ గల్లీ పడ్డదో అది చెప్పుండ్రి."

"గల్లీ పడుడేంది?" అని యాదగిరి అడిగాడు.

మహబూబ్ మియా జాలిగా వెనక్కి తిరిగి చూశాడు. "కొత్తోళ్లా? ఆటకొచ్చిన ఒక్కో టీముకు ఒక్కో గల్లీ పడతది తమ్మీ. చిట్టీలు తీస్తరు. పడ్డ గల్లీ మీదే. తిండి వాళ్లే పెడతరు, పండనీకె జాగ వాళ్లే ఇస్తరు, ఆటల లొల్లి గూడ మీ దిక్కే చేస్తరు."

"ఎదురుంగ తాండూరు టీమే ఉంటే?"

"ఉంటే ఏంది? గల్లీ పడ్డంక పడ్డట్టే. ఫికర్ చెయ్యకుండ్రి," అని గుర్రాన్ని అదిలించాడు. నేను నమ్మలేదు. సొంత ఊరి టీమును వదిలి ముక్కూ మొహం తెలియని పరాయి పిల్లల కోసం ఎవరైనా అరుస్తారా?

గ్రౌండు దగ్గర దిగాక మాత్రం వంగి నేలను చేత్తో తడిమి చూశాను. బాస్కెట్‌బాల్ కోర్టు మొత్తం తాండూరు బండలు పరిచారండీ! నీలంగా, నున్నగా, అంచుకు అంచు అతికినట్టు. సిమెంటు లేదు, కింద ఇసుక పోసి అమర్చారంతే. చుట్టూ మెట్లు మెట్లుగా బండల దొంతరలు పేర్చి వేలమంది కూర్చునే గ్యాలరీ కట్టారు. శంకరప్ప "బన్రి, బన్రి" అని కన్నడంలో పిలుస్తూ ఎదురొచ్చాడు. ఊరి వ్యాపారులందరూ తలా ఇన్ని బండలు ఇచ్చారట, పోటీ అయిపోయాక ఎవరివి వాళ్లు తీసుకుపోయి అమ్ముకుంటారట. యాదగిరి బంతిని ఒకసారి నేలకేసి కొట్టాడు. మా ఎర్రమట్టిలో మోకాలి దాకా లేచేది ఇక్కడ వాడి ఛాతీ దాకా లేచింది. పిల్లలందరూ ఒక్కసారి "అబ్బో!" అన్నారు. రింగులు చూశాను. నల్లగా, దిట్టంగా, పూర్ణచంద్రుడంత గుండ్రంగా ఉన్నాయి. గుంజకు బిగించే ఇనుప పట్టీలతో సహా ఏదో కార్ఖానాలో పోత పోయించినట్టున్నారు. మా కోడిగుడ్డు రింగు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇత్తడి చెంబులోంచి నేనే చిట్టీ తీశాను. మాకు బండలోళ్ల గల్లీ పడింది. గనుల్లో రాయి కోసేవాళ్లు, బండలు చెక్కేవాళ్లు ఉండే గల్లీ అది. మేం సందు మొదట్లో అడుగు పెట్టామో లేదో ఒకావిడ కొంగు బిగించుకుని ఎదురొచ్చి, "మా టీము వచ్చిందొ!" అని కేక పెట్టింది. ఆవిడ ఎల్లమ్మ, ఆ గల్లీకి పెద్దదిక్కు. క్షణంలో చాపలు పడ్డాయి, కాళ్లకు నీళ్లొచ్చాయి, విస్తళ్లు పడ్డాయి. పొయ్యి మీంచి దిగుతూనే విస్తట్లో పడే జొన్నరొట్టెలు, తాండూరు కందిపప్పు, ఎల్లిపాయ కారం, ఉప్పేసి ఉడికించిన అనపగింజల గుడాలు, పొట్టేలు కూర. నేను మొహమాటపడితే ఆవిడ ఊరుకోలేదు. "తినుండ్రి సారు! మా గల్లీ టీము ఆకలితోని ఆడిందంటే మేం తలకాయ యాడ వెట్టుకోవాలె?" అంది. మా పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. హాస్టలు మెతుకులు తిని తిని ఉన్నారేమో, ఆ రొట్టెల మీద పడ్డారు. మల్లేశం ఎన్ని తిన్నాడో లెక్కపెట్టడం ఎల్లమ్మ కూడా మానేసింది.

ఆట నాలుగింటికి. ఎదురు టీము తాండూరు. ఏమైందో మీరు ఊహించే ఉంటారు. మా వాళ్లు పరుగెత్తలేదు, దొర్లారు. యాదగిరి కోర్టు మధ్యలో ఆగి పొట్ట పట్టుకున్నాడు. బండల మీద బంతి అంతెత్తు లేస్తుంటే మా చేతులు అందేలోపే తాండూరు కెప్టెన్ దాన్ని ఎగరేసుకుపోయేవాడు. ఎవడ్రా వీడు అని విసుక్కుంటే, పక్కనున్న వాళ్లు చెప్పారు, వాడు ఎల్లమ్మ కొడుకు నర్సింలు! నేను తిరిగి చూద్దును కదా, ఎల్లమ్మ మొదటి మెట్టు మీద నిలబడి సొంత కొడుకును తిడుతోంది. "నర్సింలూ! మా పిల్లలను కొంచెం ఆడనియ్యిరా, కడుపునిండ తిని వచ్చిండ్రు!" అని. ఆవిడ వెనక గల్లీ మొత్తం, ఆడా మగా ముసలీ ముతకా, మా పిల్లల పేర్లు నేర్చుకుని మరీ అరుస్తున్నారు. ఎంత తేడాతో ఓడామో రాయను, మీరు నవ్వుతారు. ఓడినందుకు కాదు గానీ, ఓడిపోతున్న పరాయి పిల్లల కోసం ఆఖరు నిమిషం దాకా గొంతులు చించుకున్న ఆ జనాన్ని చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఆట అయ్యాక అలవాటుగా సామాను సర్దమన్నాను. సాయంత్రం బండి ఉంది కదా! శంకరప్ప వచ్చి గ్యాలరీ బండ మీద నా పక్కన కూర్చున్నాడు.

"యాడికి సారు?"

"ఇంటికి. ఓడినం కద."

ఆయన నవ్వాడు. "ఓడినోళ్లను ఇంటికి తోలనీకె మళ్ల పోటీ ఎందుకు పెడతం సారు? రేపు మీకు పొద్దుగాల ఒకటి, పొద్దుమూకంగ ఒకటి ఆటలున్నయి. ఇక్కడ అందరితోని అందరు ఆడాలె. ఎక్కువ గెలిచిన రెండు టీములు ఎల్లుండి ఆఖరు ఆట ఆడతయి." కోర్టు వైపు చూస్తూ మళ్లీ అన్నాడు. "పట్నం పోటీల గెలిచినోనికి ఆట మీద ఆట దొరుకుతది. వాడు ఇంకింత నేరుస్తడు. ఓడినోడు ఒక్క ఆట ఆడి ఏడాదంత ఇంట్ల కూసుంటడు. మళ్ల పోతడు, మళ్ల ఓడతడు. ఆట ఎక్కువ కావాల్సింది ఎవనికి సారు?"

మూడేళ్లుగా నేను పిల్లలనే తిడుతున్నాను. చేతగానివాళ్లని, సోమరులని. వాళ్లకు దొరికినవి మూడేళ్లలో మూడే ఆటలన్న మాట నాకెప్పుడూ తట్టలేదు. తాండూరు కూడా నాలుగేళ్ల కింద మాలాగే ఉండేదట. శేడం వాళ్లతో, ఇతర ఊళ్ల వాళ్లతో ఈ పోటీలో ఆడీ ఆడీ ఇలా తయారైంది. ఒక బండల వ్యాపారికి ఇదంతా ఎందుకని అడిగితే, "నాకు ఆట సమజ్ కాదు సారు. చూడనీకె మస్తుగుంటది, గంతే," అన్నాడు.

రెండో రోజు పొద్దున గల్లీలో నాకూ ఎల్లమ్మకూ పెద్ద గొడవ. ఆవిడ తెల్లారకముందే పొయ్యి వెలిగించి రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. నేను వద్దన్నాను. "ఆటకు ముందల తింటే ఉరకలేరమ్మా, నిన్న చూడలేదా?" అని గట్టిగానే అన్నాను. ఆవిడ రొట్టె చేతిలో పట్టుకుని లేచింది. "ఏం మనిషివి సారు! పస్తు పెట్టి ఉరికిస్తవా పిల్లలను? నువ్వు కన్నవా, నేను కన్ననా?" అంది. ఇద్దరిలో ఎవరూ కనలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. గల్లీ అంతా పోగైంది. చివరికి యాదగిరి మధ్యకొచ్చి, ఆటకు ముందు గిన్నెడు పలచని అంబలి, గెలిచినా ఓడినా ఆట తర్వాత రొట్టెలని రాజీ కుదిర్చాడు. ఎల్లమ్మ ఒప్పుకుంది గానీ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

పొద్దుటి ఆట బీదరు వైపు నుంచి వచ్చిన టీముతో. ఒళ్లు తేలికపడిందో, బండల మీద బంతి లేచే ఎత్తు అలవాటైందో, మా వాళ్లు ముందు రోజు టీములా లేరు. సగం ఆటకు మావాడొకడి కాలు బెణికింది. ఇక గత్యంతరం లేక మల్లేశాన్ని దించాను. మొదటిసారి బంతి చేతికొచ్చింది, మామూలుగానే గుండెకు హత్తుకున్నాడు. గ్యాలరీలోంచి ఎల్లమ్మ, "ఇడువు కొడుకా, ఇడువు! అది యాడికి పోదు, మళ్ల నీ తానికే వస్తది!" అని అరిచింది. మూడేళ్లు డ్రిల్లు చేయించిన నా నోట ఆ మాట ఎందుకు రాలేదో నాకు తెలియదు. మల్లేశం బంతిని యాదగిరికి విసిరాడు. రెండు అంగల్లో రింగు కిందికి చేరాడు. యాదగిరి తిరిగి వాడికే అందించాడు. వాడు చెయ్యి చాపి, జామకాయ కోసినంత సులువుగా బంతిని రింగులో పెట్టాడు. వాడి ముఖం చూడాలి మీరు! తను చేసిన పనేమిటో తనకే నమ్మకం కుదరనట్టు రింగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఆట గెలిచాం. కాలేజీ పెట్టిన దగ్గర్నుంచీ మాకు అదే మొదటి గెలుపు.

సాయంత్రం శేడం వాళ్లను కూడా గెలిచాం. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఒక్క పగటిలో మా వాళ్లు నేర్చుకున్నది నేను ఏడాదిలో నేర్పలేకపోయాను. పొద్దున చేసిన తప్పు సాయంత్రం చేయలేదు, ఎందుకంటే సాయంత్రం ఇంకో ఆట ఉంది. ఇంత చిన్న సంగతి. గల్లీకి తిరిగొచ్చేసరికి ఎల్లమ్మ నా విస్తట్లో ముందుగా రొట్టె వేసి, "తిను సారు, ఇప్పుడైతే తినొచ్చు కద!" అంది. మా ఇద్దరికీ రాజీ అయినట్టే.

మూడో రోజు సాయంత్రం ఆఖరు ఆట, మళ్లీ తాండూరుతోనే. గెలిస్తే కప్పు, కప్పుంటే మా గుంజలు నిలుస్తాయి. పిల్లలకు ఆ సంగతి చెప్పకూడదనుకున్నాను గానీ వాళ్లకు ఎప్పుడో తెలుసు. గ్యాలరీ నిండిపోయింది, పక్కనున్న పప్పు మిల్లు గోడలెక్కి కూడా జనం కూర్చున్నారు. తాండూరు టీముకు ఊరంతా ఉంది, మాకు ఒక్క బండలోళ్ల గల్లీ. కానీ ఆ గల్లీవాళ్లు సుత్తులూ ఉలులూ వెంట తెచ్చుకున్నారు. మేం బుట్ట వేసినప్పుడల్లా కూర్చున్న బండల మీద సుత్తులతో టంగు టంగున కొట్టారు. వంద సుత్తులు ఒక్కసారి మోగుతుంటే ఎలా ఉంటుందో నేను రాసి చెప్పలేను. ఎదురు టీములో సొంత కొడుకు ఆడుతుంటే ఎల్లమ్మ మా వైపు సుత్తి కొడుతోంది. నర్సింలు కోర్టులోంచే, "అవ్వా, జర నా దిక్కు గూడ చూడవే!" అన్నాడు. "ఇంటికి రా, అప్పుడు చూస్త!" అందావిడ. జనమంతా గొల్లున నవ్వారు.

మొదటి రోజు మమ్మల్ని మట్టి కరిపించిన టీముకు ఈ రోజు ఊపిరాడనివ్వలేదు మా వాళ్లు. ఆఖరికి తాండూరు రెండు పాయింట్లు ముందుంది, ఆట ముగియడానికి క్షణాలే మిగిలాయి, అప్పుడు నర్సింలు మల్లేశాన్ని అడ్డుకోబోయి పడేశాడు. రెండు ఫ్రీ త్రోలు. మల్లేశం లేచి, మోకాలి నెత్తురు తుడుచుకుని గీత దగ్గర నిలబడ్డాడు. మొదటిది నేరుగా పడింది. సుత్తులు మోగి ఆగిపోయాయి. రెండోది రింగు మీద పడి, చుట్టూ ఒకసారి తిరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి బయట బండల మీద దొర్లుతోంది.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. మల్లేశం అక్కడే కూలబడి తలను చేతుల్లో పెట్టుకున్నాడు. యాదగిరి నోరు మొదటిసారి మూతపడింది. నేను వాళ్ల దగ్గరికి వెళ్లాను. సోమవారం వచ్చే కూలీలూ, గడ్డపారలూ కళ్ల ముందు కనిపిస్తున్నాయి. మల్లేశం తల ఎత్తకుండానే, "నా పానం పోయినా మంచిగుండు సారు. గుంజలు పోతయి," అన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

తాండూరు వాళ్లకు కప్పు ఇచ్చారు. నర్సింలు దాన్ని ఎత్తి చూపించాడు, చప్పట్లు కొట్టారు. విచిత్రమేమిటంటే జనం లేవలేదు. ఇంకా ఏదో ఉందన్నట్టు కూర్చునే ఉన్నారు. శంకరప్ప ఇద్దరు మనుషులను పిలిచాడు. వాళ్లు నిచ్చెన వేసి, రెండు గుంజల మీంచి ఆ రింగులు విప్పారు, పట్టీలతో సహా. వాటిని గుడ్డతో తుడిచి, మోసుకొచ్చి మల్లేశం ముందు పెట్టారు.

"ఏంది పెద్దాయనా ఇది?" అన్నాను.

"గేటు కాడ చెప్పలేదా సారు? పోయినేడు ఆఖరు ఆట మేం ఓడినం, శేడమోళ్లు మాకు గీ రింగులిచ్చిండ్రు. ఈయేడు మీరు ఓడిండ్రు. గెలిచినోళ్లకు కప్పు, ఓడినోళ్లకు రింగులు. వచ్చే ఏడు పోటీ రింగులున్న తాన్నే." ఆయన గొంతు పెంచి గ్యాలరీ వైపు తిరిగాడు. "వచ్చే ఏడు వికారాబాదుల!"

అప్పుడు మోగాయండీ సుత్తులు! బండలోళ్ల గల్లీ ఒక్కటే కాదు, తాండూరు ఊరంతా లేచి నిలబడింది. ఓడినవాడి చేతికే రింగులు ఇచ్చే ఊళ్లున్నాయని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. మల్లేశం ఒక రింగు ఎత్తుకుని, తన అలవాటు ప్రకారం, గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. ఈసారి నేను వదలమనలేదు. ఎల్లమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, "వచ్చే ఏడు మేమంత వస్తం సారు. మాకు ఏ గల్లీ ఇస్తవో ఇప్పుడే చెప్పు," అని నిలదీసింది.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లాం. కిటికీలోంచి చూస్తే గుంజల దగ్గర ఇద్దరు కూలీలు గడ్డపారలతో కూర్చుని బీడీ తాగుతున్నారు. ఆయన అన్న మాట అన్నట్టే చేసే మనిషి. "కప్పేదీ?" అన్నారు. మల్లేశం, యాదగిరి చెరో రింగు ఆయన బల్ల మీద పెట్టారు. బల్ల కిర్రుమంది. జరిగిందంతా చెప్పాను. గల్లీల సంగతి, సుత్తుల సంగతి, ఆఖరు బంతి సంగతి, వచ్చే ఏడాది మన ఊరికి రాబోయే టీముల సంగతి. ఆయన వేలితో రింగు అంచు చుట్టూ ఒకసారి రాశారు. తర్వాత అడిగారు.

"మాస్టారూ, వచ్చేవాళ్లకు భోజనాలు ఏ వీధిలో పెట్టిద్దామంటారు?"

నేను కిటికీలోంచి తల బయటపెట్టి కూలీలను కేకేశాను. వచ్చినందుకు ఊరికే పోనివ్వడం ఎందుకని, వాళ్ల చేతే ఆ గుంజలను ఇంకో అడుగు లోతుకు పాతించి, పాత రింగులు తీసేసి కొత్తవి బిగించాం. ఇప్పుడు ఆ ఎర్రమట్టి మీద సాయంత్రమైతే బజారు పిల్లలు కూడా చేరుతున్నారు, టీములోకి రావాలని అడుగుతున్నారు. అప్పుడప్పుడు ఒక్కణ్ణే అక్కడ నిలబడి ఆలోచిస్తుంటాను. గెలిచినవాళ్ల పోటీలు ఎవరు గొప్పో తేలుస్తాయి, అవీ కావలసిందే. కానీ తాండూరులో ఆ మూడు రోజులు లేకపోతే మల్లేశం ఈపాటికి బెంచీ మీదే ఉండేవాడు, గుంజల చోట సైకిళ్లుండేవి, నేను ఇంకా పిల్లలను తిడుతూ ఉండేవాణ్ణి. ఎవరో బండలు పరిచారు, ఎవరో రొట్టెలు కొట్టారు, ఎవరో వాళ్ల సొంత కొడుకు మీద మా కోసం సుత్తి మోగించారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక వచ్చే వాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. తాండూరుకు టిక్కెట్టు తీసుకోకండి, వికారాబాదులోనే దిగండి. స్టేషను గేటు బయట పొడుగాటి కుర్రాడొకడు నిలబడి ఉంటాడు, వాడే మా మల్లేశం. చిట్టీ తీయించి, మీకు ఏ గల్లీ పడితే అక్కడికి తీసుకెళ్తాడు. మొదటి రోజు ఓడిపోతే మాత్రం సామాను సర్దకండి. మర్నాడు మీకు ఆట ఉంటుంది.